కోఠి మాట్లాడే భాష ఏది?

హైదరాబాదులో పుత్లీబౌలి చౌరస్తా దగ్గర నిలబడి చుట్టుపక్కల పేటల పేర్లను ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతే, ఆ ప్రాంతపు చరిత్రలో సగం వాటిలోనే దొరుకుతుంది. బొగ్గులకుంటలోని కుంట, కాచిగూడలోని గూడ తెలుగు మాటలు. బౌలి హిందుస్తానీలో దిగుడుబావి. హనుమాన్ టేక్‌డీలోని టేక్‌డీకి మరాఠీలో చిన్న గుట్ట అని అర్థం. జాంబాగ్‌లోని బాగ్ ఫార్సీ తోట. బడీచౌడీ అంటే పెద్ద చావడి. చావడి అనే మాట తెలుగు, కన్నడ, మరాఠీ భాషలన్నిటిలోనూ ఉంది కనుక దానిని ఎవరిదని తేల్చడం కష్టం గానీ, ముందున్న విశేషణం మాత్రం నిస్సందేహంగా హిందుస్తానీది. ట్రూప్ బజార్ సగం ఇంగ్లీషు. సుల్తాన్ బజారు లోపల కందస్వామి లేన్ అని ఒక సందు ఉంది: తమిళుల కుమారస్వామి పేరుకు ఇంగ్లీషు తోక తగిలించి, తెలుగు లిపిలో బోర్డు రాసి పెట్టారు. దానికి ఎంతో దూరం కాకుండానే గుజరాతీ గల్లీ వస్తుంది.

ఇలాంటి ప్రాంతాన్ని గురించి రాసేటప్పుడు ‘మినీ భారతం’ అనేసి ఊరుకోవడం పత్రికలవారికి అలవాటు. ఆ మాటతో వచ్చిన చిక్కేమిటంటే, అది వర్ణిస్తుందే తప్ప ఏమీ వివరించదు. హైదరాబాదులో ఇన్ని పేటలు ఉండగా మరాఠీ బడి, తెలుగు గ్రంథాలయం, గుజరాతీ సమాజం, కన్నడ సాహిత్య మందిరం, ఆర్యసమాజ మందిరం, పార్శీల అగ్నిగుడి అన్నీ ఈ ఒకటి రెండు మైళ్ల లోపలే ఎందుకు చేరాయి? వాటిని నెలకొల్పినవారు పరస్పర ప్రేమతో ఇక్కడ కూడుకున్నారా, లేక వేరే ఏదైనా బలం వారిని ఒకచోటికి నెట్టిందా? అంతమంది ఒకచోట ఉన్నప్పుడు వారు తమలో తాము ఏ భాషలో మాట్లాడుకున్నారు? ఈ వ్యాసంలో కోఠి అన్నప్పుడు నా ఉద్దేశం ఒక్క బస్టాపు కాదు; మూసీకి ఉత్తరపు ఒడ్డున చాదర్‌ఘాట్ మొదలుకొని సుల్తాన్ బజార్, బడీచౌడీ, గౌలిగూడల మీదుగా ఒకవైపు బేగంబజారు వరకు, ఇంకొకవైపు కాచిగూడ వరకు, పైన ఆబిడ్స్ అంచు వరకు ఉన్న నేల.

ముందుగా కోఠి అన్న పేరు సంగతి. హిందుస్తానీలో కోఠి అంటే పెద్ద భవంతి. షావుకార్లు లావాదేవీలు నడిపే ఇంటిని కూడా కోఠి అనే అంటారు. ఈ రెండు అర్థాలూ ఇక్కడ అక్షరాలా నిజం. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా, 1798 నుంచి 1805 వరకు ఉన్న జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో రెసిడెన్సీ భవనానికి రూపం వచ్చింది. పాలకుడి నగరం మూసీకి దక్షిణాన ఉంటే, కంపెనీవారి భవంతి ఉత్తరాన నిలిచింది. ఆ భవంతి గోడ బయట, దాని అండ చూసుకొని ఒక బజారు పుట్టింది. దానినే రెసిడెన్సీ బజారు అన్నారు. అక్కడ చెల్లింది రెసిడెంటు అధికారం, నిజాం అధికారం కాదు. 1933లో ఆ బజారు తిరిగి నిజాం చేతికి వచ్చాక దానికి సుల్తాన్ బజార్ అన్న పేరు స్థిరపడింది. అంటే నూరేళ్లకు పైగా ఒకే ఊరిలో, వీధి దాటితే చట్టం మారే పరిస్థితి ఉండేదన్నమాట. కోఠి భాషల కథకు మూలం ఈ సరిహద్దులోనే ఉందని నా అభిప్రాయం; తక్కినవన్నీ దాని కొమ్మలు.

అధికారం మారే చోట డబ్బు చేరుతుంది. నిజాం సర్కారుకు సైన్యపు జీతాల కోసం అప్పులు కావాలి. కంపెనీవారికి హుండీలు, అంటే నగదుకు బదులు నడిచే వర్తకుల చీటీలు, మార్చేవారు కావాలి. ఇద్దరికీ పనికివచ్చే షావుకార్లు రెండు అధికారాల నడుమ ఉన్న ఆ బజారులోనే ఇళ్లు కట్టుకున్నారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగినప్పుడు, తిరుగుబాటుదారులు కాల్పులకు ఆసరాగా తీసుకున్న రెండు ఇళ్లలో ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, మరొకటి జైగోపాల్ దాస్ అనే షావుకారుది. రెసిడెన్సీ ద్వారానికి ఎదురుగా ఒక ముస్లిం ప్రముఖుని ఇల్లు, ఉత్తరాది మూలాలు తోచే పేరున్న వ్యాపారి ఇల్లు పక్కపక్కన ఉన్నాయన్న ఈ చిన్న వివరం, అప్పటికే ఆ వీధిలో ఎటువంటి మనుషులు ఇరుగుపొరుగుగా ఉన్నారో చెబుతుంది.

డబ్బు దారిలో వచ్చినవారి భాషలు ఒక తరహాలో నిలిచాయి. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన నేల కనుక బేగంబజారుకు ఆ పేరు వచ్చిందంటారు. అక్కడ స్థిరపడిన మార్వాడీ, అగర్వాల్, మాహేశ్వరీ కుటుంబాలు తరాలు గడిచినా ఇంట్లో తమ రాజస్థానీ మాటలనే కాపాడుకున్నాయి. లెక్కలపుస్తకాన్ని వారు బహీ అంటారు. అందులోని రాత పూర్వం మహాజనీ లిపిలో, అచ్చుల గుర్తులను చాలావరకు వదిలేసి, పైవారికి అంతుపట్టని రీతిలో సాగేది. దుకాణంలో కొనేవాడితో హిందుస్తానీ, మూటలు మోసేవారితోనూ బండివారితోనూ తెలుగు, బహీలో మహాజనీ, ఇంట్లో మార్వాడీ. ఇంతటి విభజన ఉన్నందువల్లనే ఆ భాషకు బడి గానీ గ్రంథాలయం గానీ లేకపోయినా అది చెడిపోకుండా నిలిచింది. వ్యాపార రహస్యం ఉన్న భాషకు వేరే పోషకుడు అక్కర్లేదు. గుజరాతీల తీరు కొంచెం వేరు. వారు వ్యాపారంతో పాటు విద్యాసంస్థనూ పెట్టుకున్నారు. హనుమాన్ టేక్‌డీ దగ్గర గుజరాతీ ప్రగతి సమాజ్ నడిపే ప్రగతి మహావిద్యాలయ ఆ కోవలోనిదే. పార్శీలది మరీ చిన్న సమూహం. తిలక్ రోడ్డులోని వారి అగ్నిగుడి 1904 నాటిది. ఇంట గుజరాతీ మాట్లాడుతూ, పూజలో అవెస్తా వింటూ, కచేరీలో ఇంగ్లీషు, ఉర్దూలు రాస్తూ వారు నిజాం కొలువులోనూ వ్యాపారంలోనూ పైకి వచ్చారు.

కలం దారిలో వచ్చినవారి సంగతి ఇంతకంటె చిక్కైనది. దీనిని అర్థం చేసుకోవాలంటే హైదరాబాదు రాజ్యపు అమరికను ఒకసారి చూడాలి. 1901 జనగణన ప్రకారం ఆ రాజ్యంలో తెలుగువారు దాదాపు 46 శాతం, మరాఠీవారు 26 శాతం, కన్నడిగులు 14 శాతం, ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు 10 శాతం. అయితే పాలన నడిచింది మొదట ఫార్సీలోనూ, 1880ల దశకం నుంచి ఉర్దూలోనూ. జనంలో పదో వంతు భాష కచేరీ భాష అయితే, తక్కిన తొమ్మిది వంతులలో ఉద్యోగం కావలసిన ప్రతివాడూ దానిని నేర్చుకోవలసిందే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను కూడా ఉర్దూలోనే బోధించడానికి పూనుకుంది; కోఠిలో ఈనాటికీ ఉన్న వైద్య కళాశాలలో ఒకప్పుడు శరీరశాస్త్రాన్ని ఉర్దూ పాఠ్యగ్రంథాలతో చదువుకున్నారు. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలను బోధించడం ఆ రోజులకు చాలా పెద్ద సాహసమని ఒప్పుకోవాలి. అదే సమయంలో, రాజ్యంలోని అధిక సంఖ్యాకులకు అది పరభాషే అన్నది కూడా ఒప్పుకోవాలి. ఈ రెండు వాస్తవాలలో ఒకదాన్ని మాత్రమే చెప్పే రచనలు రెండు వైపులా కావలసినన్ని ఉన్నాయి.

ఇటువంటి రాజ్యంలో తెలుగుకో, మరాఠీకో ఒక సంఘం పెట్టుకోవాలంటే, ఒక సభ జరుపుకోవాలంటే అనుమతుల బెడద ఉండేది. గస్తీ నిషాన్ 53 అన్న పేరుతో జనం నాలుకల మీద నిలిచిపోయిన ఉత్తర్వు ఆ బెడదకు గుర్తు. రెసిడెన్సీ బజారులో నిజాం పోలీసుల చేయి అంత తేలికగా ఆడదు. బ్రిటిషువారు భాషాభిమానులనీ, స్వేచ్ఛాప్రియులనీ దీని అర్థం కాదు. ఇద్దరు కావలివాళ్ల మధ్య గీసిన గీత మీద నిలబడినవాడికి కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికింది, అంతే. 1892లో ఆర్యసమాజం ఇక్కడ వెలిసింది. 1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. ఆ దశకంలోనే కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ వంటి మరాఠీ పెద్దల పూనికతో వివేకవర్ధిని పాఠశాల ఏర్పడింది.

ఈ వరుసలో ఒక సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. భాషానిలయానికి ప్రాణం పోసినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నవాడు, మరాఠీలో వ్యాసాలు రాసినవాడు. 1906లో హైదరాబాదులోనే ఆయన విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులో అచ్చువేయించడానికి పూనుకున్నప్పుడు, అప్పటికే మరాఠీలో అటువంటి ప్రయత్నాలు ఎలా సాగుతున్నాయో ఆయనకు బాగా తెలుసు. అంటే తెలంగాణలో తెలుగు తన కాళ్ల మీద తాను నిలబడటానికి మొదటి పాఠాలు మరాఠీ నుంచి కూడా నేర్చుకుంది. పొరుగు భాష నేర్పిన పాఠాన్నే, ఇరవయ్యేళ్ల తరువాత, ఆ పొరుగు భాష మీద కోపంతో ఇంకొకసారి అప్పజెప్పవలసి వచ్చింది.

అది 1921 నవంబరు. వివేకవర్ధిని నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు స్త్రీవిద్యకు జీవితాన్ని ధారపోసిన ధొండో కేశవ్ కర్వే. ఇంగ్లీషులో మాట్లాడినవారిని సభ విన్నది, ఉర్దూలో మాట్లాడినవారినీ మరాఠీలో మాట్లాడినవారినీ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో ప్రసంగం మొదలుపెట్టగానే చప్పట్లు, ఈలలు, ఎగతాళి. ఆయన మాట సాగలేదు. రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న జనం భాషకు, సంఘ సంస్కరణ కోసమే కూడిన సభలో జరిగిన మర్యాద అది. మనసు నొచ్చుకున్న తెలుగువారు పదిమంది పైచిలుకు టేకుమాల రంగారావు ఇంట్లో కూడి, నవంబరు 12న ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. తరువాతి ఏళ్లలో అదే ఆంధ్ర మహాసభగా పెరిగి 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకున్నదీ, తెలంగాణ ప్రజా ఉద్యమానికి వేదికైందీ అందరూ ఎరిగిన చరిత్రే.

ఈ ఘటనను సాధారణంగా తెలుగువారి మేల్కొలుపుగా చెప్పి ముగిస్తారు. నాకు మాత్రం ఇందులో ఇంకొక సంగతి ముఖ్యమనిపిస్తుంది. ఆ ఎగతాళి చేసినవారు తెలుగు రాని పరదేశీయులు కారు. తెలుగు ఇళ్ల పక్కనే ఉంటూ, తెలుగువారి వద్దే కూరగాయలు కొంటూ, వీధిలో ఆ భాష వింటూ ఉన్న విద్యావంతులు. వీధిలో తెలుగు ఉండటం వారికి అభ్యంతరం కాదు. వేదిక మీదికి రావడమే అభ్యంతరం. పలు భాషలు ఒకచోట మసలినంత మాత్రాన అవన్నీ ఒకే పీట మీద కూర్చోవు. ఏ భాష ఎక్కడ పలకవచ్చో, ఎక్కడ పలకకూడదో చెప్పే అలిఖిత శాసనం ఒకటి ఉంటుంది. అది మీరినప్పుడే అందరికీ కనబడుతుంది. ఆ సభ నుంచి లేచి వచ్చిన తెలుగువారు కూడా ఒక్క తెలుగే ఎరిగినవారు కారన్నది దీనికి రెండవ ముఖం. బూర్గుల రామకృష్ణారావు పుణెలో చదివి, ఫార్సీ, మరాఠీ, సంస్కృతాలలో పాండిత్యం సంపాదించినవాడు. మందుముల నర్సింగరావు తరువాతి కాలంలో ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడయ్యాడు. తెలుగు కోసం పోరాడటానికి వారు ఉర్దూనూ మరాఠీనీ వదులుకోలేదు. వదులుకోమని ఎవరూ అడగనూ లేదు.

ఇక వీధి సంగతి. ఇంతమంది ఇన్ని ఇళ్లలో ఇన్ని భాషలు మాట్లాడుతుంటే, గుమ్మం దాటాక అందరికీ ఉమ్మడి అయినది దక్కనీ. దానిని ‘హైదరాబాదీ హిందీ’ అనీ, ‘కలగాపులగం ఉర్దూ’ అనీ చులకన చేయడం మామూలే గానీ, భాషాశాస్త్ర దృష్టితో చూస్తే కోఠి చరిత్ర మొత్తం దాని వ్యాకరణంలో నిక్షిప్తమై ఉంది. వద్దు అనడానికి దక్కనీలో వాడే ‘నక్కో’ మరాఠీ ‘నకో’ నుంచి వచ్చింది. ‘అదే’ అని నొక్కి చెప్పడానికి ‘వహీచ్’ అంటారు. చివరి ఆ ‘చ్’ కూడా మరాఠీ సొత్తే. ఢిల్లీ ఉర్దూలో ఈ రెండూ లేవు. వీటికంటె ఆసక్తికరమైనది తెలుగు వేసిన ముద్ర. ‘వస్తానని చెప్పాడు’ అనే మన వాక్యంలో ‘అని’ అనేది ‘అను’ అనే క్రియ నుంచి పుట్టి, ఇతరుల మాటను మోసుకొచ్చే పనిముట్టుగా మారింది. ఉర్దూలో ఈ పనిని వాక్యం మధ్యలో ‘కి’ అనే అవ్యయం చేస్తుంది. దక్కనీ మాట్లాడేవాడు మాత్రం ‘ఆతూఁ బోల్కే బోలా’ అంటాడు. ‘బోల్కే’ అంటే ‘అని’. అనడం అనే క్రియనే తెచ్చి, తెలుగువాడు పెట్టిన చోటే పెట్టాడు. మాటలన్నీ ఉత్తరాదివి, వాక్యపు ఎముకల గూడు దక్షిణాదిది. అరువు మాటలు పైపై పరిచయంతోనే చేరిపోతాయి గానీ, వాక్య నిర్మాణం ఇలా మారాలంటే రెండు భాషలనూ ఇంటిభాషల్లా వాడిన తరాలు కొన్ని గడవాలి. మతకలహాల గురించీ, భాషాద్వేషాల గురించీ ఎన్ని చెప్పుకున్నా, ఈ ఒక్క ‘బోల్కే’ను కాదనడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇచ్చిపుచ్చుకోవడం ఎదురు దిశలోనూ జరిగింది. దవాఖానా, కిరాయి, పరేశాన్, ఖరాబు, జర అనే మాటలు లేకుండా తెలంగాణ తెలుగులో పది నిమిషాలు మాట్లాడటం కష్టం. వకీలు, జిల్లా, రసీదు, జవాబు, ఖర్చు వంటివైతే కోస్తా తెలుగువారు కూడా అరువని గుర్తించరు. 1956 తరువాత ఉద్యోగాలకూ చదువులకూ కోస్తా, రాయలసీమల నుంచి వచ్చినవారు కోఠి బస్టాపులో విన్న తెలుగును తెలుగు కాదేమో అనుకున్నారని పాతవాళ్లు ఇప్పటికీ నొచ్చుకుంటూ చెబుతారు. 1921 నాటి ఎగతాళికి ఇది దూరపు చుట్టం. ఈసారి ఎగతాళి చేసినదీ పడినదీ తెలుగే.

ఆ 1956వ సంవత్సరమే కోఠిలోని మరాఠీ, కన్నడ కుటుంబాల బతుకులను మౌనంగా మలుపు తిప్పింది. ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడుగా చీలి, అయిదు మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకీ, మూడు కన్నడ జిల్లాలు మైసూరులోకీ వెళ్లాయి. ఔరంగాబాదు, నాందేడు, గుల్బర్గా, రాయచూరుల నుంచి రాజధానికి చదువుకోవడానికో, వకాల్తా పుచ్చుకోవడానికో వచ్చి, జాంబాగ్‌లోనో కాచిగూడలోనో ఇల్లు కట్టుకున్న కుటుంబం తన గుమ్మం నుంచి ఒక్క అడుగు కదలకుండానే పరరాష్ట్రంలో ఉన్నట్టయింది. అంతకు ముందు రోజు వరకు వారి భాష రాజ్యపు ముఖ్యభాషల్లో ఒకటి. మరునాటి నుంచి అది ‘అల్పసంఖ్యాక భాష’. సొంత ఊరి నుంచి ఏటేటా వచ్చే కొత్త విద్యార్థులు, కొత్త గుమాస్తాలు ఆగిపోయారు. వారు ఇక ముంబయికో పుణెకో బెంగళూరుకో వెళ్లసాగారు. వలస వచ్చిన భాషకు ఊట సొంత ప్రాంతంలోనే ఉంటుంది. ఆ ఊట ఆగిపోయాక భాషను నిలబెట్టవలసిన భారం సంస్థల మీద పడుతుంది. వివేకవర్ధిని, మరాఠీ గ్రంథ సంగ్రహాలయం, కాచిగూడలోని నృపతుంగ పాఠశాల, కర్ణాటక సాహిత్య మందిర ఆ భారాన్నే మోస్తూ వచ్చాయి. గణేశ ఉత్సవాలకూ నాటకాలకూ జనం వస్తారు గానీ, పిల్లలను మరాఠీ, కన్నడ మాధ్యమంలో చేర్చేవారు తగ్గిపోయారు. తెలుగు మాధ్యమానికే దిక్కులేని నగరంలో ఇందుకు వారిని తప్పుపట్టడం అన్యాయం.

ఇక్కడ పండుగల గురించి ఒక చిన్నమాట. చైత్ర శుద్ధ పాడ్యమి నాడు తెలుగువారికీ కన్నడిగులకూ ఉగాది, మరాఠీవారికి గుఢీపాడ్వా. ఒకే రోజు, ఒకే వేపపువ్వు, మూడు ఇళ్లు. గుజరాతీ సంవత్సరాది దీపావళి మరునాడు. దీపావళి నాడే వారు కొత్త చోపడాలకు, అంటే లెక్కల పుస్తకాలకు, పూజ చేస్తారు. అందువల్ల ఒకే వీధిలో సంవత్సరం రెండుసార్లు మొదలవుతుంది. దీనిని అన్యోన్యతకు నిదర్శనంగా చూపడం తేలికే. అయితే ఇదే వీధుల గుండా పెద్ద ఊరేగింపులు వెళ్లే రోజుల్లో అడుగడుగునా పోలీసు పహారా కూడా ఉంటుంది. దక్కనీ వ్యాకరణమూ నిజమే, ఆ పహారా కూడా నిజమే.

ఇప్పుడు ఈ ప్రాంతంలో ఏ భాషవారు ఎందరున్నారని అడిగితే, లెక్కలు ఇచ్చే సమాధానం మోసపుచ్చేదిగా ఉంటుంది. 2011 జనగణనలో హైదరాబాదు జిల్లా జనాభా 39 లక్షల పైచిలుకు. అందులో తెలుగు, ఉర్దూ ఒక్కొక్కటి నలభై శాతానికి పైగా ఉండి, తక్కిన భాషలన్నీ మిగిలిన కొద్దిపాటి చోటులో సర్దుకున్నాయి. ఈ అంకెలు తప్పు కావు. అవి ఏ ప్రశ్నకు సమాధానాలో తెలుసుకోవాలి. జనగణనలో మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. అది కాక వచ్చిన ఇతర భాషలను రెండింటి వరకే రాసుకుంటారు. ఇంట మార్వాడీ, దుకాణంలో దక్కనీ, పనివారితో తెలుగు, బ్యాంకులో ఇంగ్లీషు, గుజరాతీ వర్తకులతో గుజరాతీ మాట్లాడే బేగంబజారు వ్యాపారికి అయిదు భాషలున్నా, ఫారంలో మూడింటికే చోటుంది. పైగా పట్టికలు అచ్చయ్యేటప్పుడు మార్వాడీ, రాజస్థానీ, లంబాడీ మాట్లాడేవారంతా ‘హిందీ’ అనే శీర్షిక కింద కలిసిపోతారు. దక్కనీ మాట్లాడేవారు తమ భాషను ఉర్దూ అనే చెప్పుకుంటారు. కనుక కోఠి వీధిలో అన్నిటికంటె ఎక్కువగా వినబడే భాషకు ప్రభుత్వ లెక్కల్లో తన పేరుతో చిరునామా లేదు.

లెక్కకు అందని ఇంకొకటి కూడా ఉంది. అది భాషల మధ్య పని పంపకం. ట్రూప్ బజారులో నల్లాలు, గొట్టాలు అమ్మే దుకాణాలలో, గుజరాతీ గల్లీలో వైర్లు, కెమెరాలు అమ్మే దుకాణాలలో నిలబడి వింటే, సరుకు పేర్లు ఇంగ్లీషులో, ధర హిందీ అంకెల్లో, బేరం కొనేవాడి భాషలో, యజమానికీ గుమాస్తాకూ మధ్య గుసగుస రాజస్థానీలో నడుస్తాయి. సుల్తాన్ బజారు చీరల దుకాణాలలో అమ్మకందారు ఎదుటి మనిషి కట్టూ బొట్టూ చూసి ‘రండమ్మా’ అనాలో ‘ఆవో బహెన్’ అనాలో రెప్పపాటులో తేల్చుకుంటాడు, అరుదుగా పొరబడతాడు. బడీచౌడీ దాటి కాచిగూడ వైపు వెళితే తెలుగు పుస్తకాల దుకాణం ఉన్నచోట ఆ తెలుగు మళ్లీ వేరు, అచ్చుతెలుగు. ఒకే మనిషి అరగంటలో ఈ మూడు చోట్లా తిరిగితే మూడు రకాలుగా మాట్లాడతాడు. తాను భాష మార్చానన్న స్పృహ కూడా అతనికి ఉండదు.

ఈ పని పంపకం ఇప్పుడు మారుతోంది. రెసిడెన్సీ భవనంలో 1949 నుంచి మహిళా కళాశాల నడిచి, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం అయింది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చే అమ్మాయిల తెలుగు ఆ ఆవరణలో ధారాళంగా వినబడుతోంది. 1798లో ఆ స్థలంలో మాట్లాడిన ఇంగ్లీషు, ఫార్సీలను తలచుకుంటే ఇది చిన్న మార్పు కాదు. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు మెట్రో మార్గం తెరుచుకుని సుల్తాన్ బజారుకు స్టేషన్ వచ్చింది. ఆ మార్గం కోసం బజారు రోడ్డు అంచున కొంత భాగం పోయింది. వ్యాపారుల ఆందోళన ఏళ్ల తరబడి సాగింది. పాత కుటుంబాల కొత్త తరాలు విశాలమైన ఇళ్లు వెతుక్కుంటూ శివార్లకు వెళ్లాయి. దుకాణం ఇక్కడ, ఇల్లు అక్కడ. దాంతో పగలు కోఠి వేరు, రాత్రి కోఠి వేరు అయ్యాయి. మూటలు మోయడానికీ, అంగళ్లలో పనికీ బీహారు, బెంగాలు, ఒడిశాల నుంచి కుర్రవాళ్లు వస్తున్నారు. వారు ముందుగా నేర్చుకునేది తెలుగు కాదు, దక్కనీ. నెల తిరిగేసరికి ‘నక్కో’ అనడం వస్తుంది. మూడు వందల మైళ్ల అవతలి మరాఠీ మాట, దానిని ఎన్నడూ వినని భోజ్‌పురీ నోటికి, తెలుగు నేల మీద, ఉర్దూ అనే పేరుతో చేరుతుంది.

ఈ మధ్య దుకాణాలలో డబ్బు ముట్టిందని పైకి చెప్పే చిన్న డబ్బాలు వచ్చాయి. అవి ఏ భాషలో పలకాలో యజమాని ఎంచుకోవచ్చు. సుల్తాన్ బజారులో గాజుల దుకాణపు డబ్బా హిందీలో పలుకుతుంటే, దాని ముందే పూలబండి మీది డబ్బా తెలుగులో పలకడం విన్నాను. పూలమ్మే ఆమె కొనేవారితో రెండు భాషల్లోనూ బేరమాడుతోంది, పక్క గాజుల షావుకారుతో మూడో తీరులో నవ్వుతూ మాట్లాడుతోంది. డబ్బాలో మాత్రం ఒక్క భాషనే ఎంచుకోవాలట. కొడుకు తెలుగు పెట్టాడని చెప్పింది.